పరుగు మాన్పించారు, సూదీ మాన్పించారు

మా బడిలో నాకంటే వేగంగా ఉరికే పిల్ల లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత నాకు జరిగినదంతా అర్థం కావాలంటే ముందుగా ఈ సంగతి తెలిసి ఉండాలి, అందుకని చెబుతున్నాను.

మాది వరంగల్‌లో కొత్తవాడ. అక్కడ ఇంటింటికీ మగ్గం ఉండేది. మా ఇంట్లో ముందు గది మొత్తం మగ్గానిదే. నేల మీద పరుచుకునే మందపాటి షత్రంజీలు నేసేవాడు మా బాపు. వెనక గదిలో అమ్మ, బాపు, నాయినమ్మ, నలుగురం ఆడపిల్లలం. వంట, స్నానం, పడక అన్నీ అక్కడే. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లేవి. నూలు దుమ్ము ఆ తడికి అంటుకుని ఇల్లంతా ఒక రకమైన ముక్కిన వాసన వేసేది. ఒకరికి గొంతు నొప్పి మొదలైతే వారం తిరిగేసరికి అందరికీ వచ్చేది.

ఆ వాడలో పిల్లలు ఉరకడానికి చోటు లేదు. పొద్దున లేస్తే వీధి పొడుగునా పడుగు దారాలు చాపి ఉండేవి. వాటి పక్క నుంచి ఉరికితే ఎవరో ఒకరు పట్టుకుని వీపు మీద ఒకటి వేసేవారు. వాళ్లనీ తప్పు పట్టలేం. ఒక పిల్ల కాలు తగిలి పోగులు తెగితే ఇంటిల్లిపాదీ కూర్చుని అతకాలి.

అందుకని నేను ఉరికింది బడిలోనే. అది కూడా బడి లోపల కాదు. మాది ఆడపిల్లల సర్కారు బడి, కిరాయి పెంకుటిల్లు, వాకిలి కూడా సరిగా లేదు. డ్రిల్లు పీరియడు వస్తే టీచరు మమ్మల్ని వరుసగా నడిపించుకుంటూ పత్తి బండ్లు ఆగే ఖాళీ జాగాకు తీసుకుపోయేది. పత్తి రోజుల్లో అక్కడ బండ్లు నిండిపోయేవి, మాకు డ్రిల్లు ఉండేది కాదు. మిగిలిన రోజుల్లో ఎద్దుల పేడ తప్పించుకుంటూ ఉరికేవాళ్లం. కాళ్లకు చెప్పులు లేవు, లంగా దోపుకునేవాళ్లం. అయినా ఆ జాగాలో ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికినప్పుడు చెవుల్లో గాలి హోరెత్తేది చూడండి, ఆ హోరు కోసమే నేను బడికి పోయేదాన్ని. చదువు కోసం కాదు.

డ్రిల్లు టీచరు హన్మకొండ నుంచి బస్సులో వచ్చేది. తెల్ల చీర, మెడలో ఈల. ఆరో తరగతిలో ఉండగా ఆమె నన్ను ఖోఖో జట్టులోకి తీసుకుంది. హన్మకొండలో బడుల మధ్య పోటీలు జరుగుతాయనీ, మా బడి మొదటిసారి పోతుందనీ చెప్పింది. నాతో పాటు మా పక్కింటి పిల్లను కూడా తీసుకుంది. ఇద్దరం ఒకే తరగతి. ఆ పిల్లకు నా అంత వేగం లేదు కానీ వంగి తప్పించుకోవడం బాగా వచ్చు. పోటీలకు పోతే బస్సు ఎక్కుతాం, ఆ దారిలో రైలు కూడా కనిపిస్తుంది అని మేమిద్దరం రోజూ అనుకునేవాళ్లం.

ఆ వానాకాలంలో ఇంట్లో అందరికీ గొంతులు పట్టుకున్నాయి. నాకు మింగుడు పడలేదు, రెండు రోజులు ఒళ్లు కాలింది. అమ్మ ఉప్పు నీళ్లు పుక్కిలించమంది, పాలల్లో పసుపు వేసి ఇచ్చింది. తగ్గిపోయింది. ఎవరూ దాన్ని ఒక జబ్బుగా లెక్కేయలేదు. నేనూ మరిచిపోయాను.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున లేచేసరికి కుడి మోకాలు వాచి ఉంది. ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా. ఆ రోజు డ్రిల్లులో కూర్చుంటానని టీచరును అడిగాను. సరే అంది. మరునాడు మోకాలి వాపు పోయింది, మడమ పట్టుకుంది. ఆ మరునాడు మడమ బాగైంది, మోచెయ్యి కదపలేకపోయాను. మళ్లీ టీచరు దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఇవ్వాళ ఏమైంది?" అని అడిగింది.

"మోచెయ్యి నొస్తాంది టీచర్."

"మొన్న మోకాలు అన్నవ్. నిన్న మడమ అన్నవ్. ఇవ్వాళ మోచెయ్యా? రేపు ముక్కు నొస్తదా?"

పిల్లలంతా నవ్వారు. పక్కింటి పిల్ల కూడా నవ్వింది. నాకు అవమానమై ఏడుపు వచ్చింది. నొప్పి నిజమే, కానీ అది నిలకడగా ఒక చోట ఉండకపోతే నేనేం చూపించగలను?

"జట్టులో ఉండుడు ఇష్టం లేకపోతే చెప్పు. నాటకాలొద్దు. పో, రెండు చుట్లు ఉరికి రా," అంది.

ఉరికాను. మొదటి చుట్టు సగం కాకముందే ఊపిరి అందలేదు. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటున్నట్టు అనిపించింది. పక్కన ఆగి ఉన్న బండి చక్రం పట్టుకుని కూలబడ్డాను. టీచరు ఈల వేసింది, లేవమని. లేవలేదు. దగ్గరికి వచ్చి నా నుదురు ముట్టుకుని చూసి, అప్పుడు భయపడింది. ఇద్దరు పిల్లలను తోడిచ్చి ఇంటికి పంపించింది.

ఇంట్లో నాయినమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనెతో కీళ్లన్నీ రుద్దింది. "ఎదుగుతాన్న పిల్ల, ఎముకలు సాగుతానయి, గంతే," అంది. నూనె చెయ్యి పడ్డ చోటల్లా ప్రాణం పోయేది. జ్వరం దిగలేదు. చివరికి బాపు నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టి, పడకుండా తన నడుముకు తువ్వాలతో కట్టుకుని, పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. పక్కకు తిప్పి విన్నాడు, కూర్చోబెట్టి విన్నాడు. అంతసేపు ఎవరైనా నా మీద దృష్టి పెట్టడం అదే మొదటిసారి.

"పిల్లకు ఈ మధ్య గొంతు నొప్పి వచ్చిందా?" అని అడిగాడు.

"మా ఇంట్ల అందరికొచ్చింది సారూ. వానలకు," అన్నాడు బాపు.

"అదే కీళ్లకు వచ్చింది. అక్కడ్నించి గుండెకు పోయింది. గుండెలో రక్తం పోయే తలుపులు ఉంటాయి, కవాటాలంటారు. ఈ పిల్లకు ఒకటి వాచింది."

గుండె అనే మాట వినగానే బాపు గోడకు ఆనుకున్నాడు. గుండె జబ్బు అంటే ఆయనకు తెలిసింది ఒక్కటే. షత్రంజీలు కొనే సేటు ఒకాయన కొట్టులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అటువంటిది పదకొండేళ్ల పిల్లకు ఎట్లా వస్తుందో ఆయనకు అర్థం కాలేదు. "అది పైసలున్నోళ్లకు వస్తది గద సారూ," అన్నాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "ఇది మీ అసొంటోళ్లకే వస్తది. ఒక్క గదిలో పది మంది పడుకునేకాడ వస్తది."

కొన్ని వారాలు దవాఖానలో ఉన్నాను. పంపించేటప్పుడు డాక్టరు బాపును పిలిచి రెండు మాటలు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, రెండూ విన్నాను.

"మూడు వారాలకోసారి ఈ సూది ఇప్పియ్యాలె. తప్పొద్దు. పిల్ల పెద్దదయ్యేదాకా ఇప్పియ్యాలె. గొంతు జబ్బు మళ్ల రాకుండ కాపాడేది ఇదే. రెండోది, ఇప్పుడైతే ఉరకనియ్యకండి. తర్వాత నేను చూసి చెప్త."

బాపు చేతులు జోడించి తల ఊపాడు. కొన్ని నెలలకు ఆ డాక్టరుకు బదిలీ అయింది. తర్వాత చూసి చెప్పేవాడు లేకుండా పోయాడు.

ఆ సూది మందు తెల్లగా, గంజిలా చిక్కగా ఉండేది. సగంలో సూదికి అడ్డుపడితే నర్సు బయటికి తీసి మళ్లీ పొడిచేది. ఆ రోజంతా కాలు ఈడ్చుకుంటూ నడవాలి. ఒక్కోసారి అంత దూరం పోతే మందు లేదనేవారు, వచ్చే వారం రమ్మనేవారు. బాపు మగ్గం ఆపి నన్ను తీసుకుపోయేవాడు. మొదట్లో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఈ మాట చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది.

హన్మకొండ పోటీలకు జట్టులో నా బదులు ఇంకో పిల్ల పోయింది. మా బడి గెలవలేదు. పక్కింటి పిల్ల బస్సు గురించీ, రైలు గురించీ, అక్కడ సున్నంతో గీసిన గీతల గురించీ చెప్పింది. నేల మీద గీతలు గీస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండో సంవత్సరం వాడలో మాటలు మొదలయ్యాయి. బోరింగు దగ్గర నీళ్లు కొట్టుకునే ఆడవాళ్లు అమ్మను అడిగేవారు, మీ పిల్లకు ఊకూకే సూదులెందుకు అని. ఒకామె "గుండె పిల్ల" అని పేరు పెట్టింది. ఆ పేరు మా గడపలోకి వచ్చిన రోజు నాయినమ్మ అన్నం ముట్టలేదు.

"బంద్ చెయ్యుండ్రి. జ్వరం లేదు, నొప్పి లేదు. గట్టిగ తిరుగుతాంది. ఇంక దవాఖాన సుట్టు తిప్పితే ఊరంత డప్పు కొట్టినట్టే. రేపు దీన్ని ఎవడు చేసుకుంటడు?" అంది.

బాపు నా వైపు చూశాడు. "నీకేమన్న నొస్తాందా బిడ్డా?"

లేదన్నాను. నిజంగానే లేదు. సూది లేకపోతే చాలని ఏ పిల్లకు ఉండదు? అమ్మ మాత్రం "డాక్టరు తప్పొద్దన్నడు గద," అని మెల్లగా అంది. ఆ ఎండాకాలం సూది ఆగిపోయింది.

ఉరకొద్దన్న మాట మాత్రం ఆగలేదు. డాక్టరు చెప్పిన రెండింట్లో అది ఒక్కటే మా ఇంట్లో నిలబడింది. దానికి దవాఖానకు పోనక్కర్లేదు, మగ్గం ఆపనక్కర్లేదు, ఎవరి నోట్లో పడాల్సిన పని లేదు. పిల్లను కూర్చోమంటే చాలు. నన్ను బాగా చూసుకుంటున్నామని అందరికీ తృప్తిగా ఉండేది. బడిలో డ్రిల్లు పీరియడు వస్తే టీచరు, పాపం, నా వైపు చూసి "నువ్ కూచో తల్లీ," అనేది. ముందు నన్ను ఎగతాళి చేసినందుకు కాబోలు, ఇప్పుడు మరీ మెత్తగా మాట్లాడేది. ఎగతాళి చేసినప్పుడే నయమనిపించేది నాకు. అప్పుడు కనీసం ఉరకమన్నది.

ఇక ఇంటికి వస్తే ఏముంది? వీధి చివర బోరింగు. ఆ బోరింగు చెయ్యి నా తలకంటే ఎత్తుగా ఉండేది. రెండు చేతులతో పట్టుకుని వేలాడితే కానీ కిందికి రాదు. బిందె నిండేసరికి కళ్ల ముందు నల్లగా చుక్కలు తిరిగేవి. నిండిన బిందె చంకన పెట్టుకుని ఇంటికి, మళ్లీ ఖాళీ బిందెతో బోరింగుకు. తర్వాత రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టడం. చేతి కింద నుంచి దుమ్ము లేచి నేరుగా ముక్కులోకి పోయేది. షత్రంజీలు మడిచి మూట కడితే, వాటిని కొనే నేతగాళ్ల సొసైటీకి నెత్తి మీద మోసుకుపోవడం నా వంతు, మా అక్క వంతు.

ఒకరోజు బోరింగు దగ్గరికి పోతూ ఖాళీ బిందె ఊపుకుంటూ నాలుగడుగులు ఉరికాను. అంతే, ఎందుకో ఒళ్లు తేలికగా అనిపించింది. అమ్మ గడపలోంచి చూసి కేక వేసింది.

"ఓసి, ఉరుకద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? గుండెకు పడదని తెల్వదా?"

"మరి బోరింగు కొడితే పడతదా అమ్మా?"

"అది పనే. ఆట గాదు."

ఆమె వెటకారంగా అనలేదు, నిజంగా అలాగే నమ్మింది. పని చేస్తే ఎవరి గుండె పాడైంది? వాడలో అందరూ చేస్తున్నదే కదా. ఆట అనేది అవసరం లేనిది కాబట్టి ముప్పు అందులోనే ఉండాలి. ఆ రోజు నుంచి నేను ఎదురు అడగలేదు. పదమూడేళ్లకు పెద్దమనిషినయ్యాక గుండె మాట కూడా అక్కర్లేకపోయింది. ఆడపిల్ల, ఉరకడమేంటి? కారణం మారింది, నేను కూర్చున్న చోటు మారలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి బాపుకు హన్మకొండలో పెద్దింటి పిల్లలు చదివే బడి ఒకటి షత్రంజీలకు ఆర్డరు ఇచ్చింది. అవి అప్పజెప్పడానికి రిక్షాలో పోయి, గేటు దగ్గర దిగి, బాపు ఒక మూట, నేనొక మూట ఎత్తుకున్నాం. లోపలికి పోతూనే నా కాళ్లు ఆగిపోయాయి. ఎంత పెద్ద గ్రౌండు! అంచుల పొడుగునా చెట్లు, మధ్యలో కోసిన గడ్డి. నా ఈడు పిల్లలు తెల్ల బూట్లు, తెల్ల మేజోళ్లు వేసుకుని వరుసలో ఉరుకుతున్నారు. నేల మీద సున్నం గీతలు. పక్కింటి పిల్ల చెప్పినవి అవే అనుకున్నాను. ఉరికి వచ్చిన పిల్లలకు ఆయా ఒకామె గ్లాసుల్లో గ్లూకోజు నీళ్లు ఇస్తోంది.

మూటలు దించాక అక్కడి గుమాస్తాను బాపు అడిగాడు, ఇన్ని షత్రంజీలు దేనికని.

"వానలు పడితే పిల్లలు బయట ఆడలేరు కదా. హాల్లో ఇవి పరిచి కసరత్తు చేయిస్తారు," అన్నాడాయన.

వాటిలో రెండింటికి కండెలు చుట్టింది నేను. మళ్లీ గ్రౌండు వైపు చూస్తూ నిలబడ్డాను. ఒక పిల్ల నా అంత వేగంగా ఉరుకుతోంది, కాదు, ఒకప్పటి నా అంత వేగంగా. బాపు భుజం తట్టాడు.

"ఏం జూస్తానవ్? నడువు. ఎండ ముదురుతాంది."

దారిలో బాపు రెండుసార్లు అడిగాడు, ఏమైందని. ఏమీ లేదన్నాను. ఆ పిల్లల మీద నాకు కోపం రాలేదని చెప్తే అబద్ధమవుతుంది. వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పదహారేళ్లు వచ్చేసరికి బోరింగు దగ్గర ఒక బిందె నిండాక, రెండోది కొట్టే ముందు కాసేపు కూర్చోవలసి వచ్చేది. పడుకుంటే దగ్గు. తలకింద రెండు మూటలు పెట్టుకుంటే కానీ నిద్ర పట్టేది కాదు. ఈ నడుమ ఎన్ని వానాకాలాలు, ఎన్ని గొంతు నొప్పులు పోయాయో ఎవరికి గుర్తు? ఉప్పు నీళ్లు పుక్కిలించి మరిచిపోయాం. నేను సన్నగా అయిపోతున్నానని అమ్మ భయపడి మేడారం తల్లులకు మొక్కుకుంది, నా ఎత్తు బంగారం ఇస్తానని. అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు. మనిషి బరువుకు సరిపడా బెల్లం తూచి ఇవ్వడం ఆ మొక్కు.

జాతర నాడు తక్కెడలో ఒకవైపు నన్ను కూర్చోబెట్టారు, రెండోవైపు బెల్లం ముద్దలు పెట్టారు. కొన్ని పెట్టగానే నేను పైకి లేచాను. తూచేవాడు ఆగి, నా వైపు చూసి, "గింతేనా? ఈ పిల్ల తింటలేదా ఏంది?" అన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు నవ్వారు. అమ్మ కూడా నవ్వబోయి ఆగిపోయింది.

తల్లులు కొలువుండే గద్దెల దాకా జనంలో నెట్టుకుంటూ నడవాలి. కొంత దూరం పోయాక కాళ్లు కదలలేదు. ఊపిరి లోపలికి పోతోంది కానీ చాలడం లేదు. వెనక్కు తీసుకొచ్చి జంపన్నవాగు ఇసుకలో కూర్చోబెట్టారు. దగ్గితే గులాబి రంగు నురగ వచ్చింది. అమ్మ తన కొంగుతో తుడిచి, ఆ కొంగును చూసి, బాపుకు చూపించింది. "జనానికి గాలాడక గట్లయింది," అన్నాడు బాపు. ఆ పూటే బస్సు ఎక్కాం.

పెద్ద దవాఖానలో ఈసారి కొత్త డాక్టరు. పాత సంగతులన్నీ అడిగి, సూదులు ఎందుకు ఆపారని అడిగాడు. బాపు నేల చూపులు చూశాడు. కవాటం ఇరుకైపోయిందనీ, ఆపరేషన్ కావాలనీ, అది హైదరాబాదులోనే అవుతుందనీ డాక్టరు చెప్పాడు. కాజీపేటలో రైలెక్కాం. రైలు దగ్గరగా చూడడం అదే మొదటిసారి నాకు. ఎక్కడానికి ఆ మూడు మెట్లు బాపు నన్ను ఎత్తుకున్నాడు.

హైదరాబాదు వార్డులో పెద్దవాళ్లు ఉంటారనుకున్నాను. అంతా పిల్లలే, నా అంత వాళ్లు, నాకన్నా చిన్నవాళ్లు. బీడీలు చుట్టే తల్లి కూతురు ఒకతె. రాళ్లు కొట్టేవాళ్ల పిల్ల ఒకతె. గుడిసెల్లోంచి, మిల్లు కూలీల లైన్ ఇళ్లలోంచి వచ్చినవాళ్లు. అందరిదీ ఒకటే కథ, గొంతు నొప్పి, కీళ్లు, గుండె. మంచాల కింద చెప్పులు చూస్తూ పడుకునేదాన్ని. అన్నీ రబ్బరు చెప్పులు. ఆ వార్డులో ఉన్నన్నాళ్లూ ఒక్క జత బూట్లు కనిపించలేదు.

ఆపరేషన్ అయింది. ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా కుట్లు. బతికాను. ఇంటికి పంపే ముందు, నన్ను రోజూ చూసే డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని మాట్లాడింది. వయసులో చిన్నదే. బాపు నిలబడే ఉన్నాడు.

"ఇక నుంచి సూది మానకూడదు. గొంతు నొప్పి వస్తే వెంటనే చూపించుకోవాలి. నెమ్మదిగా నడక మొదలుపెట్టు, రోజూ కొంచెం కొంచెం పెంచు," అంది. తర్వాత నవ్వుతూ, "చిన్నప్పుడు ఆటలాడేదానివా?" అని అడిగింది.

"ఖోఖో ఆడేదాన్ని మేడం. జబ్బు వచ్చినంక ఆడనియ్యలే."

"ఎన్ని రోజులు?"

"ఇప్పటిదాక."

ఆమె నవ్వు ఆగిపోయింది. బాపు వైపు తిరిగింది. "ఎందుకండీ? జ్వరం తగ్గేదాకా, ఇంకో ఆరు నెలలు, సరే. గుండె కుదుటపడ్డాక ఆడుకోనివ్వాల్సింది. అప్పట్లో ఈమెకు దెబ్బ కొంచెమే తగిలిందని మొదటి డాక్టరు మీరు తెచ్చిన పాత చీటీలో రాశాడు. ఆట వల్ల పాడవలేదు ఈ కవాటం. సూది ఆపి, గొంతు జబ్బు మళ్లీ మళ్లీ రానిచ్చినందుకు పాడైంది."

"ఉరకనియ్యద్దన్నరు గద మేడం," అన్నాడు బాపు.

"ఎప్పటిదాకా వద్దన్నారు?"

బాపు భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ డాక్టరమ్మ నా చెయ్యి తట్టి లేచిపోయింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. సూది ఆపకూడదు, పరుగు ఎప్పటికీ అని ఆపకూడదు. రెండూ ఆపారు. బిందెలు ఒక్కటే ఆపలేదు.

తర్వాత సూదికి నేనే పోయేదాన్ని. ఎవరు చూసినా, ఏమన్నా సరే. గుండె పిల్ల అన్నవాళ్లకు కుట్లు చూపిస్తానని ఒకసారి బోరింగు దగ్గర అన్నాను, మళ్లీ ఎవరూ అనలేదు. చదువు ఆలస్యంగా పూర్తి చేసి, ట్రైనింగు అయి, ఎనభైల చివర తొర్రూరు దారిలో ఒక ఊళ్లో టీచరునయ్యాను. ఆ బడికీ గ్రౌండు లేదు. డ్రిల్లు పీరియడు టైం టేబుల్‌లో ఉండేది, పిల్లలతో గదులు ఊడిపించేవారు. నేను వాళ్లను ఊరి చివర బీడు భూమికి తీసుకుపోయి ఉరికించాను. పెద్ద సారు పిలిచి, "ఎవరన్న పిల్ల పడితే జవాబు మీరు చెప్తరా?" అన్నాడు. చెప్తానన్నాను. ఆయన నన్ను ఆపలేదు కానీ, వరినాట్ల కాలంలో సగం మంది పిల్లలు బడికే వచ్చేవారు కాదు. వాళ్లు అప్పటికే మోకాలి లోతు బురదలో నిలబడి ఉండేవారు.

ఒక పిల్లకు గొంతు వాచి జ్వరం వస్తే వాళ్లమ్మను పిలిపించి, దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పాను. "గొంతు నొప్పికి దవాఖాననా టీచరమ్మా? పత్తి ఏరంగ పోవాలె," అందామె. నేనే ఆ పిల్లను తొర్రూరుకు తీసుకుపోయి చూపించాను. మందు బిళ్లలు ఇచ్చారు. అన్నీ వేసిందో లేదో నాకు తెలియదు. ఆ ఏడాది చివర వాళ్లు పని వెతుక్కుంటూ ఎటో పోయారు.

ఆదివారాలు కొత్తవాడకు పోయేదాన్ని. ఒక ఆదివారం బాపును చూడడానికి పాత స్నేహితుడు ఒకాయన వచ్చాడు. నేను చాయ్ తెచ్చి ఇచ్చాను. ఆయన నన్ను చూసి, "గీ బిడ్డేనా ఆపరేషన్ అయింది? మంచిగున్నది గద ఇప్పుడు," అన్నాడు.

"మంచిగనే ఉన్నది. చిన్నప్పటి సంది మేం పానం లెక్క చూస్కున్నం. ఒక్కనాడు ఉరకనియ్యలే," అన్నాడు బాపు. ఎంతో గర్వంగా అన్నాడు.

అమ్మ వంటింటి గుమ్మం నుంచి నా వైపు చూసింది, ఊరుకోమన్నట్టు. ఊరుకోలేకపోయాను.

"సూది బంద్ చేసిన్రు బాపూ. ఇప్పియ్యాల్సింది అదే."

బాపు చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఉరకద్దని డాక్టరే అన్నడు."

"ఎన్నాళ్లని నువ్వు అడగలే."

"నేనేం చదువుకున్ననా బిడ్డా అడగనీకి?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నిజమే చెప్పాడు. నా కోపం మాత్రం కొంచెం కూడా తగ్గలేదు, ఎవరి మీద వెయ్యాలో తెలియక ఇంకా పెరిగింది. వచ్చినాయన చాయ్ సగంలో పెట్టి, మళ్లీ వస్తానని లేచాడు. బాపు మగ్గం దగ్గరికి పోయి కూర్చున్నాడు, ఆదివారమైనా. నేను సంచి తీసుకుని బస్టాండుకు బయలుదేరాను.

తర్వాతి ఆదివారం పోయినప్పుడు ఇద్దరం మామూలుగానే మాట్లాడుకున్నాం. నూలు ధరల గురించి, మా బడి గురించి. బాపు చనిపోయేదాకా ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మూడు వారాలకోసారి సూదికి మాత్రం తప్పకుండా పోయాను.